జేబులో పెట్టుకున్న చేతులు

ఆర్డిత్ స్టాంపర్ ఉద్యోగం నిలబడాలంటే ఆ మంగళవారం ఒక్క చెయ్యి లేస్తే సరిపోయేది. టాలివర్ కౌంటీ లైబ్రరీ బోర్డులో మేం ఐదుగురం. గనిలో రెండు వేళ్ళు పోగొట్టుకున్న హైరమ్‌తో సహా అందరికీ రెండేసి చేతులున్నాయి. నా చేతులేం చేశాయో చివర్లో చెబుతాను, తప్పించుకోను. ముందు ఆవిడ గురించి చెప్పాలి. ఇప్పుడు మా ఊళ్ళో ఆవిడ పేరెత్తితే "పాపం" అని మాట మార్చేసేవాళ్ళే ఎక్కువయ్యారు. ఆ "పాపం" వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆర్డిత్ లిక్ బ్రాంచ్ లోయ మనిషి. తండ్రి బొగ్గు గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు నల్లబడి యాభై నాలుగేళ్ళకే పోయాడు. ఆవిడకి ఇరవై రెండేళ్ళప్పుడు కౌంటీవాళ్ళు పుస్తకాల వ్యాను తాళాలు చేతికిచ్చారు. అంతకు ముందు దాన్ని నడిపినతను ఒక చలికాలం చూసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మా లోయల్లో రోడ్డు ఆగిపోయిన చోట వాగే దారి. ఆవిడ వ్యానుని వాగులోకి దింపి, రాళ్ళ మీద ఎగరేసుకుంటూ చివరి ఇంటిదాకా తీసుకుపోయేది. చదువు రాని ముసలివాళ్ళుంటే వాళ్ళ వరండాలో కూర్చుని తనే ఒక అధ్యాయం చదివి వినిపించేది. సరిగ్గా తుపాకీ పేలబోయే చోట పుస్తకం మూసేది.

"ఏయ్ పిల్లా, వాడు చచ్చాడా లేదా? చెప్పి పో!"

"రెండు వారాల్లో వస్తాగా తాతా. అప్పటిదాకా నువ్వు చావకు."

ఆవిడ నాకంటే ఆరేళ్ళు పెద్ద. ఊరంతా మిస్ ఆర్డిత్ అనేవాళ్ళు, నేనూ అంతే. నన్ను మాత్రం ఆవిడ ఎప్పుడూ "ఒరేయ్ వెల్డన్" అనే పిలిచింది. ఇరవై ఏడేళ్ళు స్కూలు బస్సు నడిపి, మనవలున్న మనిషినయ్యాక కూడా అదే పిలుపు.

నాకు పదిహేడేళ్ళప్పుడు మా నాన్న పోయాడు. బ్యాంకువాళ్ళు మా ఇంటిని కోర్టు మెట్ల మీద వేలం వేశారు. మా కొండల్లో వేలానికి ఒక పద్ధతుంది. ఎవరి ఇల్లు పోతోందో ఆ ఇంటివాళ్ళు ముందు పాట పాడతారు. ఆ తర్వాత ఊరంతా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడుతుంది. ముక్కు దురద పెట్టినా చెయ్యి బయటికి తియ్యరు. ఇంటివాళ్ళు పాడుతుంటే మీద చెయ్యెత్తినవాడికి మా దగ్గర మళ్ళీ ఎవరూ మంచినీళ్ళు కూడా ఇవ్వరు. ఆ రోజు మా అమ్మ తన దగ్గరున్నదంతా కలిపి ఒక ధరకి పాట పాడింది. అందరి చేతులూ జేబుల్లోకి పోయాయి. అప్పుడు వెనకాల నుంచి ఒక చెయ్యి లేచింది. ఎవరో పొరుగూరివాడు, మంచి కోటు వేసుకుని వచ్చాడు.

పుస్తకాల వ్యాను ఎదురుగా ఆగి ఉంది. ఆర్డిత్ దిగి, జనాన్ని తోసుకుంటూ వచ్చి అతని ముందు నిలబడింది.

"అయ్యా, అది ఆవిడ ఇల్లండీ. చెయ్యి జేబులో పెట్టుకోండి."

"అది చెప్పడానికి మీరెవరు?"

"పుస్తకాల బండి దాన్ని."

అతను చుట్టూ చూశాడు. ఎనభై మంది, నూట అరవై చేతులు, అన్నీ జేబుల్లో. అతనూ పెట్టుకున్నాడు. నేను ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంటున్నాను.

వ్యాను పాతబడి మూలపడ్డాక ఆవిడని బ్రష్ ఫోర్క్ ఊళ్ళో లైబ్రరీకి పెద్దని చేశారు. మూతపడిన చిల్లర సామాన్ల దుకాణంలో పెట్టిన లైబ్రరీ అది. మా లోయల్లో ఫోన్‌కి సిగ్నల్ ఉండదు, కొండలు అడ్డం. ఇళ్ళకి ఇంటర్నెట్ తీగ లాగడం ఏ కంపెనీకీ గిట్టదు. కాబట్టి కౌంటీ మొత్తానికి నమ్మకమైన ఇంటర్నెట్ లైబ్రరీదే. పిల్లల హోంవర్కులక్కడే. ఊపిరితిత్తులు పోయిన గని కూలీలు పరిహారం దరఖాస్తులు పెట్టుకునేదీ అక్కడే, ఆవిడ పక్కన కూర్చుని ఒక్కో గడీ నింపిస్తే. వరద వచ్చిన ఏడు, ఇళ్ళు కొట్టుకుపోయినవాళ్ళు లైబ్రరీ ముందు కార్లు ఆపుకుని సాయం కాగితాలు పంపుకున్నారు. మూడు వారాలు ఆవిడ ఆ ఇంటర్నెట్ కట్టెయ్యలేదు, ఇంటికీ పోలేదు.

ఆ బిల్లు మా లైబ్రరీ సొంతంగా మోయలేదు. బడులకీ లైబ్రరీలకీ ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ ఉంది. పది వంతుల్లో తొమ్మిది వాళ్ళు కడతారు. దానికి వాళ్ళ షరతు సూటిగా ఉంటుంది. మాకు ఫలానాది కావాలి అని అందరికీ తెలిసేలా ప్రకటన వెయ్యాలి. ఇరవై ఎనిమిది రోజులు ఆగాలి. ఎవరు ధర పంపినా తీసుకోవాలి, ఎవరినీ రావద్దనకూడదు. వచ్చినవాటిలో మంచిది ఎంచుకోవాలి. ఈ షరతు మీరినవాళ్ళని ఆ పథకం దరిదాపులకి రాకుండా దూరం పెట్టే జాబితా ఒకటుంది. దాని గురించి మేమెప్పుడూ ఆలోచించలేదు. ఆ జాబితా ఎక్కడో పట్నాల్లో దొంగల కోసం అనుకున్నాం.

ఆ కాగితాల పని చూడ్డానికి లైబ్రరీ ఒక సలహాదారుని పెట్టుకుంది. లోవెల్ కాడిల్ అని మా చర్చి మనిషి. మా చర్చిలో పాటల పుస్తకాలు అందరికీ ఉండవు. ఒకతను ఒక్కో చరణం ముందుగా అంటే మిగతావాళ్ళం దాన్ని అందుకుని లాగి పాడతాం. ఆ ముందుగా అనేవాడు లోవెల్. గొంతు అంత బాగుంటుంది. ఇరవై ఏళ్ళు అతనేమంటే అదే మేమూ అన్నాం, చర్చిలోనూ బయటా. ఏడు కౌంటీల బడులకీ లైబ్రరీలకీ అతనే కాగితాలు నింపేవాడు. ఆర్డిత్ తల్లి మంచం పట్టినప్పుడు ప్రతి ఆదివారం వెళ్ళి మంచం పక్కన నిలబడి పాడి వచ్చాడు. ఆవిడ అది మర్చిపోలేదు. అతనూ మర్చిపోనివ్వలేదనుకోండి.

ఇంటర్నెట్ ఇచ్చేది త్రీ క్రీక్స్ అని మా కౌంటీ కంపెనీ. పద్నాలుగు మంది పనిచేస్తారు, అందరూ మా పిల్లలే. నాలుగేళ్ళ కిందట మళ్ళీ ప్రకటన వేసే ఏడు వచ్చింది. ఎప్పటిలాగే లోవెల్ రాసి వేశాడు. మూడో వారంలో లెక్సింగ్టన్ నుంచి ఒక కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. వచ్చి భవనం చూసుకుని ధర పంపుతాం అంది.

ఆ సంగతి మాకు ఆర్డితే చెప్పింది. ఆ నెల బోర్డు సమావేశం మొదలవకముందు, చిక్కుళ్ళ పులుసూ మొక్కజొన్న రొట్టే తింటున్నాం. మా దగ్గర తిండి అయ్యేదాకా సమావేశం పుస్తకంలో ఏదీ రాయరు.

"పట్నం నుంచి ఒక పిల్ల ఫోన్ చేసింది," అంది ఆర్డిత్ రొట్టె విరుస్తూ. "ఇంత దూరం రాకు తల్లీ, పెట్రోలు దండగ, మాకు మావాళ్ళున్నారు అని చెప్పేశాను. లోవెల్‌తో అంటే, నోటిమాట బాగుండదు మిస్ ఆర్డిత్, అదే ముక్క మర్యాదగా ఒక మెయిల్ రాసెయ్యండి అన్నాడు. రాసేశాను."

"మంచి పని చేశావు," అంది బోర్డు పెద్ద ఇమోజీన్. "ఇంటివాళ్ళు పాడుతుంటే బయటివాళ్ళకేం పని?"

"నా బస్సు అడ్డం పెట్టమంటావా, రోడ్డుకి?" అన్నాను నేను. అందరూ నవ్వారు. హైరమ్‌కి పులుసు గొంతుకడ్డం పడి దగ్గాడు. ఆవిడా నవ్వింది. ఇదంతా నాకు నిన్న జరిగినట్టు గుర్తుంది. ఎందుకు గుర్తుందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

రెండేళ్ళు ఏ గొడవా లేదు. తర్వాత పక్క కౌంటీలో ఒక బడి కాగితాలు తిరగేస్తుంటే బయటపడింది. త్రీ క్రీక్స్‌లో మూడో వంతు లోవెల్ కాడిల్‌ది. భార్య పుట్టింటి పేరు మీద పెట్టుకున్నాడు. ఎవరు ఏం కొనాలో రాసేదీ అతనే, అమ్మేదీ అతనే. మా పద్నాలుగు మంది పిల్లల పేరు చెప్పి ఇన్నేళ్ళూ మా జాలినే మాకు అమ్మాడు. ఆ కబురు విన్న రోజు ఆర్డిత్ లైబ్రరీ తలుపు తాళం వేసుకుని లోపల కూర్చుంది. పట్టపగలు లైబ్రరీకి తాళం పడ్డం నేను చూసింది అదొక్కసారే.

సబ్సిడీ ఇచ్చేవాళ్ళ తరఫున ఆడిటరమ్మ వచ్చింది. ఆవిడ మా దగ్గరికి రాకముందే లోవెల్ వకీలుతో వాళ్ళ దగ్గరికి వెళ్ళి తన తప్పు ఒప్పేసుకున్నాడు. ఒప్పుకుంటూ ఒప్పుకుంటూ ఆర్డిత్ రాసిన మెయిల్ తీసి బల్ల మీద పెట్టాడు. వద్దని తను ఎంతో చెప్పాడట, ఆవిడే వినలేదట. ఎదుటి కంపెనీని తరిమింది లైబ్రరీయే తప్ప తను కాదట. రాయమన్నది అతనే అని చెప్పడానికి కాగితం ముక్క లేదు. తను మాత్రం ఫోన్‌లో చెప్పి, ఆవిడ చేత రాయించాడు. ఆవిడ తల్లి మంచం పక్కన పాడిన నోటితోనే ఈ అబద్ధం ఆడాడు.

ఆడిటరమ్మ చెడ్డది కాదు, ఆ మాట చెప్పాలి. ఓపికగా అడిగింది. ఆ రోజు లైబ్రరీలో బల్బులు మారుస్తూ నేనూ అక్కడే ఉన్నాను.

"ఈ మెయిల్ మీరే రాశారా?"

"నేనే రాశాను."

"వాళ్ళని రావద్దన్నారా?"

"అన్నాను."

"ఎందుకమ్మా?"

ఆర్డిత్ ఆవిడకి మా వేలాల సంగతి చెప్పింది. ఇంటివాళ్ళు పాడుతుంటే చేతులు జేబుల్లో పెట్టుకోవడం, అదంతా. ఆడిటరమ్మ విని పెన్ను కింద పెట్టింది.

"ఇది భర్త పోయినావిడ ఇల్లు కాదు కదమ్మా. దేశంలో అందరూ కట్టిన సొమ్ము. ఆ లెక్సింగ్టన్ వాళ్ళు ఇందులో సగానికే ఇచ్చేవాళ్ళు."

ఆర్డిత్ ఆ మెయిల్ కాగితం తన వైపు తిప్పుకుని మళ్ళీ చదివింది. "నిజమే," అంది. "అది నేను ఆలోచించలేదు. తప్పే."

ఆ షరతు అన్యాయమని నేననను. లోవెల్ లాంటివాళ్ళ కోసమే అది పెట్టింది, ఇంకా గట్టిగా పెట్టాలి. కానీ తప్పు చేశానని అంత సూటిగా ఒప్పుకున్న మనిషిని నేను ఆ గదిలో తప్ప ఎక్కడా చూడలేదు.

"లోవెల్ రాయమన్నాడనీ, బోర్డుకి చెప్పే చేశాననీ అంటున్నారు. బోర్డుకి తెలుసని ఎవరైనా చెబుతారా?" అని అడిగింది ఆడిటరమ్మ. అది తేలితే ఆవిడ దాచిపెట్టి చేసిన పని కాదని తేలుతుంది. దాచింది కాకపోతే హెచ్చరికతో పోతుంది, జాబితాలోకి పేరెక్కదు.

ఆర్డిత్ మొహం విప్పారింది. "అయ్యో, వాళ్ళనే అడగండి. అందరూ ఉన్నారు, తింటూ విన్నారు. అడిగితే చెబుతారు." అని నిచ్చెన మీదున్న నా వైపు చూసి చిన్నగా నవ్వింది. నేను బల్బు బిగించాను.

మర్నాడు ఆడిటరమ్మ ఒక్కొక్కరినీ విడిగా పిలిచింది. ఇమోజీన్ నాకంటే ముందు లోపలికి వెళ్ళి వచ్చి, కోటు తగిలించుకుంటూ నా చెవిలో అంది. "తెలుసంటే మన ఐదుగురి పేర్లూ ఎక్కిస్తారట. పుస్తకంలో రాసి లేదుగా వెల్డన్. రాయనిది జరగనట్టే."

నా చిన్నకూతురు అప్పుడే బడిలో టీచరుగా చేరింది. నా పేరు జాబితాకెక్కితే ఆ పిల్ల ఉద్యోగానికేమన్నా అవుతుందేమోనని నాకు నేనే చెప్పుకున్నాను. ఏమీ అవదు. అది నాకప్పుడే తెలుసు. భయం వేసింది, అంతే. లోపలికి వెళ్ళి కూర్చున్నాను.

"ఆవిడ ఆ ఫోన్ సంగతి మీతో చెప్పిందా?"

"గుర్తు లేదండీ."

రోడ్డుకి బస్సు అడ్డం పెడతానన్నవాణ్ణి. గుర్తు లేదన్నాను. హైరమ్ కూడా అదే అన్నాడు, మిగతా ఇద్దరూ అదే. ఐదుగురం ఒక్క గొంతుతో అన్నాం, చర్చిలో పాట అందుకున్నట్టు.

సబ్సిడీవాళ్ళ ఉత్తరం రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆ జాబితాలో లోవెల్‌కి మూడేళ్ళు, ఆర్డిత్‌కి మూడేళ్ళు. అతను తన వాటా బావమరిదికి రాసిచ్చాడు. కంపెనీ పేరు మార్చారు, లారీలకి ఆకుపచ్చ పోయి నీలం రంగు వచ్చింది, డ్రైవర్లు వాళ్ళే. ఆర్డిత్‌కి మార్చుకోవడానికి వేరే పేరు లేదు.

ఆ ఉత్తరంలో ఒక దారి మాత్రం వదిలారు. ఆవిడ ఆ సబ్సిడీ పనిలో వేలు పెట్టకూడదు, అంతవరకే. వేరే ఎవరైనా ఆ కాగితాల బాధ్యత తీసుకుని సంతకం పెడితే, ఆవిడ లైబ్రరీలో ఉండొచ్చు. పుస్తకాలిచ్చుకుంటూ, ముసలివాళ్ళ దరఖాస్తులు నింపుకుంటూ ఉండొచ్చు. మూడేళ్ళు పూర్తయ్యాక జాబితాలోంచి ఆ పేరూ పోతుంది. అందుకే అన్నాను, ఒక్క చెయ్యి లేస్తే చాలని.

ఆ మంగళవారం ఆర్డిత్ గోడ పక్కన కుర్చీలో కూర్చుంది. ఎండు ఆపిల్ పొరల కేకు చేసుకొచ్చింది. ఎప్పుడూ తనే తెస్తుంది కాబట్టి ఆ రోజూ తెచ్చింది. ఎవరూ కొయ్యలేదు. "గుర్తు లేదు" అన్న మాట గురించి ఆవిడ మమ్మల్ని ఒక్క ముక్క అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, తిట్టినా బాగుండేది. ఒళ్ళో చేతులు పెట్టుకుని మా ఐదుగురి మొహాలూ వరసగా చూసింది.

ఇమోజీన్ ఉత్తరం చదివింది. కళ్ళజోడు తీసింది.

"మిస్ ఆర్డిత్‌ని ఉంచుకోవాలనే మనందరికీ ఉంది. కాకపోతే ఆ కాగితాల మీద మనలో ఒకరు పేరు పెట్టాలి. ఎవరు పెడతారో చెయ్యెత్తండి."

నాకొచ్చిన ఆలోచన ఒకటే. సంతకం పెడితే మళ్ళీ ఆడిటరు వస్తుంది, మళ్ళీ అడుగుతుంది, ఆ రోజు అన్న "గుర్తు లేదు" బయటపడుతుంది. కిందికి చూశాను. నా రెండు చేతులూ కోటు జేబుల్లో ఉన్నాయి. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు. తలెత్తి చూస్తే హైరమ్ చేతులు జేబుల్లో ఉన్నాయి. మిగతా ఇద్దరివీ అంతే. ఇమోజీన్ కూడా కళ్ళజోడుతో సహా చేతులు స్వెట్టరు జేబుల్లో పెట్టేసింది.

ఆర్డిత్ అది చూసింది. మా చేతులెక్కడున్నాయో మాకంటే ముందు ఆవిడే చూసిందనుకుంటాను. ఆవిడ మొహంలో రంగు పోయింది. ఆ కోర్టు మెట్ల దగ్గర మా అమ్మ మొహం అలాగే అయిపోయింది, పొరుగూరివాడి చెయ్యి లేచినప్పుడు.

"ఎవరూ లేరు కాబట్టి," అంది ఇమోజీన్, "రెండు పనులూ చెయ్యగలిగిన కొత్త మనిషిని వెతుక్కోవాల్సి వస్తుంది." ఈసారి పుస్తకంలో రాశారు, పొల్లు పోకుండా.

ఆవిడ లేచింది. నలభై ఒక్క ఏళ్ళ నౌకరీలో ఆ గదిలో ఆవిడ సొంత వస్తువులు ఒక కాఫీ కప్పు, ఒక స్వెట్టరు, పుస్తకాల వ్యాను పాత తాళం చెవి. అన్నీ ఒక చిన్న అట్టపెట్టెలో పట్టాయి. తలుపు దగ్గరికి వెళుతూ నా కుర్చీ పక్కన ఆగింది.

"ఒరేయ్ వెల్డన్."

"చెప్పండి మిస్ ఆర్డిత్."

"మీ అమ్మ ఇల్లు బాగానే ఉందా?"

"ఉందండీ."

"పైకప్పు కారట్లేదుగా?"

"లేదండీ."

"సంతోషం," అంది. పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. తలుపు తెరవడానికి ఆవిడకి చెయ్యి ఖాళీ లేదు, భుజంతో నెట్టుకుంది. మాలో ఒక్కరూ లేచి తియ్యలేదు.

ఇప్పుడు ఆవిడ లిక్ బ్రాంచ్‌లో తండ్రి ఇంట్లో ఉంటోంది. అక్కడ ఇంటర్నెట్ లేదు, ఫోన్ మోగదు. నేను రెండుసార్లు బండేసుకుని ఆ వాగుదాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. వెళ్ళి ఏం చెప్పాలి? గుర్తొచ్చిందనా?

ఆ మంగళవారం తర్వాత వచ్చిన ఆదివారం చర్చికి వెళ్ళాను. ఆర్డిత్ కూర్చునే బల్ల ఖాళీగా ఉంది. లోవెల్ ఎప్పటిలాగే ముందు నిలబడి పాట అన్నాడు, మేమందరం అందుకున్నాం. అతన్ని పాడొద్దన్నవాళ్ళు లేరు, తప్పు ఒప్పుకున్నాడు కదా. పాట నడుస్తుండగా అందరూ లేచి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం మా ఆచారం. లోవెల్ వరస వెంట ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, "బ్రదర్ వెల్డన్" అంటూ చెయ్యి చాపాడు.

నా చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. మంగళవారం రానిది, ఆదివారం వచ్చింది. అతని చెయ్యి పట్టుకున్నాను.